"రన్" అనే ఒక్క వెర్బ్‌కి ముప్పై అర్థాలు బట్టీ పట్టించడం అవసరమా?

పెందుర్తి అమ్మ
మా గుంటడు ఏడో తరగతి. స్కూల్లో "రన్"కి ముప్పై అర్థాలు రాయించి రేపు టెస్ట్ అన్నారు. నోట్స్ తీసి చూశాను, ఎడం పక్క వరస నంబర్లు, కుడి పక్క పరుగెత్తు, పారు, కారు, నడుపు, పోటీ చేయు, అయిపోవు... ఒక్కదానికీ వాక్యం లేదు. పోయిన టెస్టులో "ది ట్యాప్ ఈజ్ రన్నింగ్" అంటే "కుళాయి పరుగెడుతోంది" అని రాశాడు, సున్నా వేశారు. ఇప్పుడు గోడవైపు తిరిగి కారు పారు నడుపు అని అప్పజెప్పుకుంటున్నాడు, ఏది ఎక్కడ వాడాలో మాత్రం తెలీదు. ఇలా నేర్పడం కరెక్టేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

వన్‌టౌన్ మాస్టారు
కరెక్టేనమ్మా. నేను ఏళ్ళ తరబడి ట్యూషన్ చెప్తున్నాను, బ్యాంకు పరీక్షలకి కూడా చెప్తాను. పేపర్లో "రన్ అవుట్ ఆఫ్", "రన్ ఇంటూ", "రన్ డౌన్" ఇచ్చి కింద నాలుగు ఆప్షన్లు పెడతారు. ముందే తెలిసినవాడు టిక్కు పెట్టి పక్క ప్రశ్నకి పోతాడు, తెలియనివాడు అక్కడే ఉంటాడు. ఎక్కాలు బట్టీ పట్టకుండా ఎవరికైనా లెక్కలు వచ్చాయా?

గాజువాక కుర్రాడు
మాస్టారూ మీరంటే గౌరవమే గానీ ఇది ఒప్పుకోను. నేను రుషికొండలో ఐటీ జాబ్ చేసేవాణ్ణి. కొత్తలో ఒక కాల్‌లో మా మేనేజరు "రన్ ఇట్ బై మీ ఫస్ట్" అన్నాడు, అంటే ముందు నాకు చూపించు, నేను సరే అన్నాక చెయ్యి అని. నాకు కాలేజీలో ఇచ్చిన లిస్టులో రన్ అంటే ప్రోగ్రామ్ నడుపు, అంతే. నడిపేశాను. అందరి ముందూ నానా మాటలు అన్నారు, ప్రాజెక్టు నుంచి తీసేశారు. పక్కన "బై" వచ్చి చేరితే మాట ఎటు తిరుగుతుందో ఆ లిస్టు ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా చెప్పారా?

క్విజ్‌వాలా
ఎక్కువ అర్థాలు ఉన్న వెర్బ్ "సెట్" అండి, "రన్" కాదు. 430 అర్థాలు.

వన్‌టౌన్ మాస్టారు
చూడు బాబూ, నువ్వు చెప్పిందే నా మాట. లిస్టులో ఇంకొక్క లైను ఉంటే నీ ప్రాజెక్టు నీకు ఉండేది. లిస్టు ఉండటం తప్పు కాదు, సగం లిస్టు ఇవ్వడం తప్పు.

గాజువాక కుర్రాడు
ఎంత పెద్ద లిస్టు ఇస్తారు మాస్టారూ? ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ వాళ్ళు 2011లో కొత్తగా దిద్దినప్పుడు రన్ వెర్బ్‌కే 645 అర్థాలు తేలాయి. మనిషి, గుర్రం, నీళ్ళు అయ్యాక మిషన్లు వచ్చాయి, రైలుకీ గడియారానికీ అదే మాట, ఇప్పుడు కంప్యూటర్లో ప్రోగ్రామ్‌కీ అదే. చాలావాటిలో లోపల ఉన్నది ఒకటే, ఆగకుండా సాగడం. గోదావరి ఎక్స్‌ప్రెస్ రోజూ రన్ అవుతుంది, భీమిలి రోడ్డు సముద్రం పక్కనే రన్ అవుతుంది, జలుబు చేస్తే ముక్కు రన్ అవుతుంది, కొట్టు ఉన్నవాడు దాన్ని రన్ చేస్తాడు. ఈ సాగడం ఒక్కటి బుర్రకెక్కితే చాలావరకు వాడే పోల్చుకుంటాడు. మన తెలుగులో లేదా? తాళం వేస్తాం, ఓటు వేస్తాం, దోశ వేస్తాం, కేసు వేస్తాం, చలి వేస్తుంది. ఏ అమ్మయినా కూర్చోబెట్టి వీటికి లిస్టు రాయించిందా?

క్విజ్‌వాలా
1989 ఎడిషన్ తీసి చూడండి. సెట్. 430 పైనే. నాకు ఈ ఆన్సర్‌కే ప్రైజ్ వచ్చింది.

ఎంవీపీ సెక్టార్ 4
రెండూ నిజమే బాబూ. 1989లో సెట్ ముందుంది, 2011కి రన్ దాటేసింది. అసలు విషయానికి రండి.

క్విజ్‌వాలా
దాటింది అనకూడదు. సెట్‌ని కూడా అలాగే కొత్తగా దిద్ది అప్పుడు లెక్క పెట్టాలి.

వన్‌టౌన్ మాస్టారు
"ఏ అమ్మయినా" అన్నావు చూడు, గొడవంతా అక్కడే ఉంది. తెలుగు పుట్టినప్పట్నుంచీ చెవిన పడుతుంది కాబట్టి లిస్టు అక్కర్లేదు. ఇంగ్లిష్ ఎవరి చెవిన పడుతోంది? నా దగ్గరికి ఫిషింగ్ హార్బర్ పక్క వీధుల నుంచి పిల్లలు వస్తారు. ఇంట్లో వినపడదు, వీధిలో వినపడదు, వాళ్ళకి ఉన్నదల్లా ఆ కాగితం. నీకు రోజూ ఆఫీసులో వినపడుతుంది కాబట్టి పోల్చుకుంటాడులే అంటున్నావు. విననివాడు దేన్ని బట్టి పోల్చుకుంటాడయ్యా? ఆ కాగితం కూడా లాగేస్తే వాడికేం మిగుల్తుంది?

గాజువాక కుర్రాడు
నన్ను ఏసీ రూములో పుట్టినవాడిలా మాట్లాడకండి. నాదీ తెలుగు మీడియమే, మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు లేబర్. నా మంట అక్కడే. డబ్బున్న పిల్లలకి కథలు, సంభాషణలు, మనవాళ్ళకి మాత్రం లిస్టులు. చెవిన పడట్లేదని మీరే అంటున్నారు, మరి ఉన్న ఆ ఒక్క గంట అయినా వాక్యాలు వినిపించొచ్చు కదా? వినిపించరు, కాగితం చేతికిచ్చి రేపు టెస్ట్ అంటారు.

వన్‌టౌన్ మాస్టారు
బ్యాచ్‌కి నలభై మంది. ఒక్కొక్కడి చేత మాట్లాడించాలంటే గంట సరిపోతుందా? నువ్వొచ్చి ఒక్క ఆదివారం చెప్పి చూడు, తెలుస్తుంది.

పెందుర్తి అమ్మ
మీ ఇద్దరి గొడవ బాగానే ఉంది. లిస్టులో ఒకటో నంబరే పరుగెత్తు. పిల్లాడు కుళాయికి అదే రాశాడు, వాళ్ళిచ్చిందే రాశాడు, సున్నా ఎందుకు వేశారో నాకిప్పటికీ తెలీదు. నేను టెన్త్ వరకే చదివాను, వాక్యాలు ఎక్కడనుంచి తేను? తెల్లారితే టెస్టు, ఏటి చెయ్యాలో చెప్పండి.

గాజువాక కుర్రాడు
రాస్తున్నా అక్కా, వాడిచేత పైకి చదివించండి.
ది ట్యాప్ ఈజ్ రన్నింగ్: కుళాయిలోంచి నీళ్ళు పోతున్నాయి.
వియ్ రాన్ అవుట్ ఆఫ్ రైస్: బియ్యం అయిపోయాయి.
ఐ రాన్ ఇంటూ మై టీచర్ ఎట్ పూర్ణా మార్కెట్: పూర్ణా మార్కెట్లో మా టీచర్ ఎదురుపడ్డారు.
ది కలర్ రాన్ ఇన్ ది వాష్: ఉతికితే రంగు దిగింది.
మిగతావి గంటలో పెడతా.

వన్‌టౌన్ మాస్టారు
పోటీ చేయు దగ్గర జాగ్రత్త. "రన్ ఫర్ ఎలక్షన్" అమెరికా వాడుక, బ్రిటిష్ వాళ్ళు "స్టాండ్" అంటారు, అబ్బాయి పుస్తకంలో ఏది ఉందో చూసి రాయి. మొత్తం అయ్యాక ఇక్కడే పెట్టు, నా బ్యాచ్‌కి కూడా ప్రింట్ తీసిస్తాను. అర్థాల కాలమ్ మాత్రం తీసేది లేదు.