మౌస్‌తో ఆడితే డక్ హంట్ ఆడినట్టేనా?

బాతులవేట:
మొన్న ఒకాయన కంప్యూటర్లో మౌస్‌తో డక్ హంట్ ఆడి, స్కోరు ఫొటో పెట్టి "చిన్ననాటి ఆట మళ్లీ ఆడేశా" అని రాశాడు. నా దృష్టిలో ఆయన ఆడింది డక్ హంట్ కాదు. జపాన్ గేమ్ కంపెనీ నింటెండో 1984లో ఈ వీడియోగేమ్‌ను టీవీకి గురిపెట్టే బొమ్మ తుపాకీ కోసమే చేసింది. ఆర్కేడ్‌కి, అంటే నాణెం వేసి ఆడే మెషీన్లకి, వచ్చిన వర్సెస్ డక్ హంట్‌ కూడా తుపాకీ ఆటే. తెర మీద గురి గుర్తు ఉండదు. చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, ఎగిరే బాతు వెంట తుపాకీ తిప్పాలి. మౌస్‌తో అయితే బాణం గుర్తు బాతు మీద పెట్టి నొక్కడమే. ఇంక గురి ఎక్కడుంది?

కృష్ణలంక_కిట్టు:
బాతులు అవే, గురి తప్పితే నవ్వే కుక్క అదే, మూడు తూటాలూ అవే. ఎల్‌ఈడీ టీవీలో ఆ తుపాకీ పనిచేయదని మీకూ తెలుసు. మౌస్ కాక ఏం పట్టుకోమంటారు? అయినా అందరూ గురి చూసే ఆడారా ఏంటి? మా వీధిలో తుపాకీని ట్యూబ్‌లైటుకు పెట్టి నొక్కేవాళ్లు, బాతులు పడేవి.

సోల్డర్_బాబాయ్:
ట్యూబ్‌లైటు మాట నేను నమ్మను. ఆ తుపాకీ నుంచి వెలుతురు రాదు, దాని ముక్కులో వెలుతురును చూసే కన్ను ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క ఫ్రేమ్, అంటే టీవీ ఒక్క బొమ్మ చూపించేంత సేపు, నల్లబడుతుంది. వెంటనే బాతు ఉన్నచోట తెల్ల గడి పడుతుంది. రెండు బాతులుంటే ఒక్కోదానికి ఒక్కో ఫ్రేమ్. ముందు చీకటి, ఆ వెంటనే వెలుగు కనబడితేనే తగిలినట్టు. ఎల్‌ఈడీ టీవీ బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తుంది, ఆ గడి వచ్చేసరికి ఆట చూడటం అయిపోతుంది. 1972 నాటి మాగ్నవాక్స్ ఒడిస్సీ అనే తొలి ఇంటి వీడియోగేమ్ తుపాకీని అయితే దీపానికి పెట్టి మోసం చేయొచ్చు. దీన్ని కాదు.

కృష్ణలంక_కిట్టు:
ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది బాబాయ్. చీకటీ ఉంది, వెలుగూ ఉంది.

సోల్డర్_బాబాయ్:
అసలు నింటెండో తుపాకీలో డబ్బా టీవీ తెర మీద గీతలు గీసే వేగానికి, అంటే సుమారు 15 కిలోహెర్ట్జ్‌కి (సెకనుకు 15 వేల సార్లు) మాత్రమే స్పందించే ఫిల్టర్ ఉంటుంది. 100 దాని లెక్కలోకే రాదు. మన బజార్లో దొరికినవి నకళ్లు, వాటి సంగతి విప్పి చూస్తేగానీ చెప్పలేను.

చిన్నా_గేమర్:
ఆ కుక్కను కాల్చొచ్చా లేదా? అది చెప్పండి ముందు.

సోల్డర్_బాబాయ్:
ఇంటి ఆటలో కుదరదు. ఆర్కేడ్ వర్సెస్‌లో బోనస్ రౌండులో కుదురుతుంది.

బాతులవేట:
ట్యూబ్‌లైటు గొడవ ఆపండి. దీపానికి పెట్టి కొట్టినవాళ్లకీ, మౌస్‌తో నొక్కేవాళ్లకీ ఆ ఆట విలువ తెలీదు, అంతే. నేను ఇంట్లో ఆ తుపాకీ పట్టుకునే పెరిగాను. దానికోసమే ఇప్పటికీ పాత డబ్బా టీవీ ఉంచుకున్నా. ఇంట్లో అందరూ పారేయమంటున్నా పారేయలేదు.

కృష్ణలంక_కిట్టు:
"ఇంట్లో" అన్నావు చూడు, అక్కడుంది అసలు సంగతి. మా ఇంట్లో టీవీయే లేదు. వీధి చివరి వీడియోగేమ్ పార్లర్లో గంటకింత అని కట్టి ఆడేవాళ్లం. తుపాకీ కౌంటర్ వెనక మేకుకు వేలాడేది. ఓనర్ కొడుకు దిగితే అది వాడిదే, గంటకు డబ్బు కట్టింది నేనైనా సరే. నా చేతిలో జాయ్‌స్టిక్ పెట్టి "నువ్వు బాతును తిప్పు" అనేవాడు. ఒక్క బాతు ఆటలో దాంతో బాతును నిజంగానే తిప్పొచ్చు. వాడు కాలుస్తుంటే నేను తప్పించుకుంటూ ఎగిరేవాణ్ణి. ఇన్నేళ్లకి నా ఇంట్లో, నా కంప్యూటర్లో, మౌస్‌తోనైనా రౌండులో పది బాతులూ కొట్టాను. ఆ ఫొటో పెట్టింది నేనే. ఇప్పుడు చెప్పు, నేను ఆడలేదా?

మధురవాడ_మణి:
కిట్టు అన్నా, మా పార్లర్లోనూ ఇంతే.

బాతులవేట:
ఆ ఫొటో మీదని నాకు తెలీదు. ఆ ఓనర్ చేసింది అన్యాయం, అందులో రెండో మాట లేదు. కానీ అది మనుషుల సంగతి, నేను మాట్లాడేది ఆట సంగతి. తుపాకీ లేనిది డక్ హంట్ కాదు, ఈ మాట మారదు.

కృష్ణలంక_కిట్టు:
కుందేటికి మూడే కాళ్లని పట్టుకో, నాకేం అభ్యంతరం లేదు. తుపాకీతో ఆడితే ఇంకా బాగుంటుందను, ఒప్పుకుంటా. "ఆడినట్టు కాదు" అని మాత్రం నాతో అనకు.

సోల్డర్_బాబాయ్:
విజయవాడలో నా దగ్గర 21 అంగుళాల డబ్బా టీవీ ఒకటి పనిచేస్తూ ఉంది కిట్టూ. తుపాకీ కూడా బాగుచేసి పెట్టా. తీసుకెళ్తానంటే మెసేజ్ పెట్టు, డబ్బులేం వద్దు. ట్యూబ్‌లైటు సంగతి కూడా అప్పుడే తేలుద్దాం.