ఆడిషన్‌ల మన యాస దాచుకోవాల్నా? ఆరేండ్లసంది తిరుగుతున్న, సలహా చెప్పుండ్రి

కాజీపేట_పోరడు
అందరికీ నమస్తే, జర పెద్దగ రాస్తున్న, ఓపికతోని చదువుండ్రి. నాకు 29 ఏండ్లు. ఆరేండ్ల కింద కాజీపేటల పొద్దుగాల రైలెక్కి, సినిమా వేషాల కోసం తిరిగేటోళ్ళు ఉండే హైదరాబాద్ కృష్ణానగర్ పోయిన, అప్పటిసంది ఆడనే, ముగ్గురం కలిసి ఒక్క రూంల ఉంటం. చిన్నచిన్న పాత్రలు పదకొండు చేసిన, అండ్ల నా ముఖం కనవడేటియి రెండే.
మొన్న ఒక ఆడిషన్‌కు పోయిన. హీరో దోస్తు పాత్ర, బ్యాంకుల పనిచేస్తడు. పేరు, వయసు, ఎత్తు చెప్పి, కుడిదిక్కు ఎడమదిక్కు తిరిగి ముఖం చూపెట్టి, ఇచ్చిన సీను మొదలువెట్టిన. నాలుగో లైన్ కాడ ఆపిండ్రు. "మాటల తెలంగాణ తెలుస్తుంది బ్రదర్, ఇది చదువుకున్న క్యారెక్టర్" అన్నరు. నేను కాకతీయ యూనివర్సిటీల ఎంకాం చేసిన. ఆ మాట నోటిదాక వచ్చింది గానీ థాంక్యూ సార్ అని బయటికొచ్చిన. అంతకుముందు నెల ఇంకోకాడ తాగుబోతు పాత్రకు "యాస ఇంకా గట్టిగ కొట్టు" అని, మా ఇంట్ల ఎవ్వరు మాట్లాడని తీరుగ మాట్లాడిపిచ్చిండ్రు.
నేను అడిగేది ఒక్కటే, వచ్చే ఆడిషన్‌ల యాస దాచుకుంటే తప్పా?

మట్టెవాడ_మాస్టారు
బిడ్డా, తప్పు కాదు, అది నీ డ్యూటీ. నేను బడిల పాఠాలు చెప్పుకుంట ముప్పై ఏండ్లు నాటకాలు వేసిన, ఆ అనుభవంతోని చెప్తున్న. నటునికి సొంత యాస ఇంట్ల ఉండాలె, స్టేజీ మీద పాత్ర యాస ఉండాలె. కాంతారావు గారిది కోదాడ దిక్కు గుడిబండ. జానపద సినిమాలల్ల ఆయన మాట విని ఎవరన్న ఇది ఫలానా ఊరు అని చెప్పగలరా? మన మట్టెవాడల 1932ల పుట్టిన నేరెళ్ళ వేణుమాధవ్ గారు మిమిక్రీల ఎన్ని గొంతులు పలికిండ్రు, 2001ల పద్మశ్రీ వచ్చింది, సొంత గొంతు పట్టుకొని కూసుంటే వచ్చేదా? కరీంనగర్ పైడి జైరాజ్ గారు బొంబాయి పోయి హీరో అయిండు, 1980 దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు తీసుకున్నడు. వీళ్ళెవ్వరు యాస అడ్డమొచ్చింది అనలే. పొద్దున లేవంగనే ఒక గంట పేపర్ గట్టిగ చదువు, ఆర్నెల్లల్ల నాలుక తిరుగుతది.

పరకాల_అక్క
సార్, జైరాజ్ గారు బొంబాయి పోయింది మూకీ సినిమాల కాలంల. మన దేశంల మొదటి టాకీ వచ్చిందే 1931ల. మాటనే లేని సినిమాకు యాస ఎట్ల అడ్డమొస్తది? తమ్ముడూ, నువ్వు ఏం దాచకు. బ్యాంకుల మనోళ్ళు పనిచేస్తలేరా? హన్మకొండ చౌరస్తాల ఏ బ్యాంకుకన్న పోయి వినుమను వాళ్ళను.

మట్టెవాడ_మాస్టారు
టాకీలు వచ్చినంక కూడ ఆయన దశాబ్దాలు హిందీల చేసిండమ్మా. కరీంనగర్ పిలగాడు హిందీ డైలాగ్ చెప్పిండు, అది చూడాలె. మూకీ అని ఒక్క ముక్క పట్టుకొని మొత్తం తీసిపారేయకు.

పరకాల_అక్క
మీరే తెచ్చిండ్రు ఆ పేరు. పైగ మన దగ్గర ఉర్దూ నడిచేది, హిందీ ఆయనకు కొత్త కాదు. ఉదాహరణ తప్పయినప్పుడు తప్పు అనాలె కదా.

జనగామ_77
సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టినరోజును భాషా దినోత్సవంగ చేసుకునే ఊరోళ్ళం మనం. మన పిలగాడు యాస దాచుకోవాల్నా అని అడుగుతాండంటే మనసుకు కష్టమైతాంది.

హుజూరాబాద్_ఏడీ
నేను అసిస్టెంట్ డైరెక్టర్‌గ ఎనిమిదేండ్లసంది చేస్తున్న, ఆడిషన్ వీడియోలు జమచేసి పంపేది నేనే, అందుకని లోపలి సంగతి చెప్త. ఒక్క పాత్రకు వందల వీడియోలు వస్తయి. హీరో ఎత్తు తక్కువైతే దోస్తు ఎత్తు తక్కువోడే కావాలె. తమ్ముని పాత్ర అయితే ముందే ఓకే అయిన తండ్రి ముఖంతోని కలవాలె. ఆ డేట్లల్ల పెద్ద ఆర్టిస్ట్ దొరకకపోతే సీనే లేచిపోతది. ఒక్కోసారి ఆడిషన్ పెట్టేటాళ్ళకే మనిషి ఫిక్స్ అయి ఉంటడు. పోరనికి ఏదో ఒక కారణం చెప్పాలె కాబట్టి నోటికొచ్చింది చెప్తరు. నేను కూడ చెప్పిన, "కండ్లల్ల ఎనర్జీ లేదు" అని. ఆ పిలగాడు తర్వాత రెండు నెలలు కండ్ల ఎక్సర్‌సైజులు చేసిండని తెలిసి నాకు నిద్ర పట్టలే.

పరకాల_అక్క
ఏడీ తమ్ముడూ, నోటికొచ్చిన మాట ఎప్పుడు మన మీదికే ఎందుకు వస్తది? నేను మూడేండ్లు తిరిగిన. 27 ఏండ్లకే "మీకు అమ్మ పాత్ర చూస్తం మేడం" అన్నరు, రంగు తక్కువ అన్నరు, ఒక సీరియల్‌ల చేస్తే నా గొంతు తీసేసి వేరేటామెతోని డబ్బింగ్ చెప్పిపిచ్చిండ్రు. టీవీల నా పెదవులు కదులుతయి, మాట నాది కాదు. మా నాయినమ్మ చూసి "ఇది నువ్వు కాదు బిడ్డా" అన్నది. ఆ రాత్రే బ్యాగు సదురుకున్న.

మట్టెవాడ_మాస్టారు
అందుకే అంటున్న! ఆ మాట నేర్చుకొని ఉంటే గొంతు నీదే ఉండేది. 2017ల ఫిదా చూడలేదా, సాయిపల్లవి తమిళ అమ్మాయి, మన యాస నేర్చుకొని సొంతంగ డబ్బింగ్ చెప్పుకున్నది. ఆమె మనది నేర్చుకోంగ లేంది మనం వాళ్ళది నేర్చుకుంటే ఏం పోతది?

పరకాల_అక్క
ఆమె నేర్చుకుంటే మెచ్చుకున్నరు, మేం మాట్లాడితే మార్చుకో అన్నరు. ఆ తేడానే నేను చెప్పేది. 2023ల బలగం వచ్చింది, తీసినాయన సిరిసిల్ల వేణు, ఎన్నో ఏండ్లు చిన్న కామెడీ వేషాలు వేసినాయన. చివరి పాట పాడింది మన దుగ్గొండి భార్యాభర్తలు, కొమురమ్మ, మొగిలయ్య. ఊర్లల్ల తెరలు కట్టుకొని చూసుకుంట ఏడ్చిండ్రు. మాట అర్థం కాలేదని ఎవరన్న లేచిపోయిండ్రా?

కాజీపేట_పోరడు
అక్కా, అది ఊరి కథ, చావు కథ. ఊరి కథ అయితేనే మన మాట పనికొస్తది, బ్యాంకు అనంగనే వద్దంటరు, నాకు అదే సమజ్ అయితలేదు.

మట్టెవాడ_మాస్టారు
సమజ్ కావాలంటే కష్టపడాలె. ఆరేండ్లల్ల ఒక్క గంట ప్రాక్టీస్ చేసినవా రోజు? అక్కల మాటలు విని అందరి మీద తప్పు నూకుకుంట కూసుంటే ఇంకో ఆరేండ్లు అక్కడనే ఉంటవు.

పరకాల_అక్క
మాస్టారూ, మర్యాదగ అడుగుతున్న, ఆ పిలగాడు ప్రాక్టీస్ చేసిండో లేదో మీకెట్ల తెలుసు? పోయిన నెల ఇంకో చర్చల కూడ గిట్లనే ఒక పోరని మీద పడ్డరు. మీ కోపం ఈ తమ్ముని మీద కాదు. ఎవరి మీదనో ఉన్నది.

నర్సంపేట_వాసి
పెద్దమనిషిని పట్టుకొని ఆ మాటలేంది? ఇద్దరు జర ఆగుండ్రి.

మట్టెవాడ_మాస్టారు
ఆగను, ఆమె అడిగింది, చెప్త. మా చిన్నోడు నాలుగేండ్లసంది కృష్ణానగర్‌ల ఉంటున్నడు. నేను నేర్పిన నాటకమే వాన్ని అటు తోలింది. ముందుగాల రోజు ఫోన్ చేసేది, ఇప్పుడు నేను చేస్తే ఎత్తడు, వాళ్ళమ్మతోని రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేస్తడు. నేను యాస మార్చుకో, యాస మార్చుకో అని ఎందుకు అంటున్ననో విను. తప్పు యాసల ఉంటే దిద్దుకోవచ్చు. అండ్ల లేదంటే నా కొడుకునే వద్దన్నట్టు. అది ఏ తండ్రి ఒప్పుకుంటడు?

పరకాల_అక్క
మాస్టారూ, నేను అనాల్సింది కాదు. క్షమించుండ్రి.
నా సంగతి కూడ చెప్త. తప్పు వాళ్ళదే అని నేను గట్టిగ పట్టుకునేది ఎందుకంటే, వాళ్ళది కాకపోతే నేను ఊరికెనే వాపస్ వచ్చినట్టయితది. ఇప్పుడు ట్యూషన్లు చెప్తున్న, ఎనిమిదేండ్లయింది. ఇంకో ఏడాది ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తది.

హుజూరాబాద్_ఏడీ
మీ ఇద్దరికీ కారణం కావాలె. నేను చెప్పేది అదే, చాలాసార్లు కారణమే ఉండదు. యాస మీద చిన్నచూపు లేదంటలేను, ఉన్నది, నా కండ్లతోని చూసిన. కానీ ఏ వీడియో దానితోని పోయిందో, ఏది ఎత్తుతోని పోయిందో మాకే తెల్వదు.

కాజీపేట_పోరడు
అన్నా, నీ మాటకు భయమైతాంది, నెమ్మదిగ కూడ అనిపిస్తాంది.
మాస్టారూ, నేను కూడ మా నాయిన ఫోన్ ఎత్తుతలేను. బ్యాంకు పాత్ర పోయిందని ఇంకా ఇంట్ల చెప్పలే, షూటింగ్ వాయిదా పడ్డది అని చెప్పిన. ఎత్తంగనే "ఏమన్న వచ్చిందా" అంటడు. ఆయన తప్పు కాదు, ఇంకేం అడగాల్నో తెల్వదు. లేదు అని చెప్పి చెప్పి నేనే లేనట్టు అయితాంది.

మట్టెవాడ_మాస్టారు
నేను కూడ అదే అడుగుత బిడ్డా. మరి ఏమడగాలె, నువ్వే చెప్పు.

కాజీపేట_పోరడు
ఏ సీను ఇచ్చిండ్రు అని అడుగుండ్రి సార్. ఆ లైన్లు ఒకసారి చెప్పుమనుండ్రి. మీరు నాటకం మనిషి, వింటే మీకు తెలుస్తది. నావి నాలుగో లైన్ కాడ ఆపిండ్రు, మొత్తం పన్నెండు లైన్లు. మిగిలిన ఎనిమిది ఇంకా ఎవ్వరు వినలే.

మట్టెవాడ_మాస్టారు
రాత్రికి మావానికి మెసేజ్ పెడ్త, ఫోన్ కాదు. నీ ఎనిమిది లైన్లు నాకు వాయిస్ రికార్డ్ చేసి పంపు. ఒకసారి నీ యాసల, ఒకసారి వాళ్ళు అడిగిన తీరుగ.

పరకాల_అక్క
నాకు కూడ పంపు తమ్ముడూ. మన యాసల చెప్పిందే ముందుగాల పంపు.