కేక్ మీద వైరు స్ప్రింగులు నేరుగా గుచ్చవచ్చా?

ప్రశ్న: పాప పుట్టినరోజు కేక్ మీద నక్షత్రాలు గాల్లో ఊగాలని నా సరదా. 24 గేజ్ పూల వైరును పెన్సిల్‌కి చుట్టి స్ప్రింగులు చేశాను, ముచ్చటగా వచ్చాయి. అలాగే కేక్‌లో గుచ్చేయొచ్చా?

జవాబు: వద్దండీ. ఆ వైరు తిండికి తగలడానికి చేసింది కాదు. కాగితం చుట్టినదైతే తడి పీల్చుకుంటుంది, లోపల తుప్పు కూడా పట్టొచ్చు. పోసీ పిక్ అనే సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని కేక్‌లో దించి, అందులో కాస్త ఫాండెంట్ (కేక్ అలంకరణకు వాడే మెత్తటి చక్కెర ముద్ద) కూరి, వైరు దాంట్లో గుచ్చండి. కదలదు.

ఇంకో జవాబు: పిక్ దొరక్కపోతే స్ట్రా ముక్క చాలు, కింది కొన ఫాండెంట్‌తో మూసేయండి. నక్షత్రం బరువైతే 24 వాలిపోతుంది, 20 తీసుకోండి. నంబరు తగ్గేకొద్దీ వైరు లావు, ఇదేం లెక్కో!

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. మరి కోసేటప్పుడు?

మొదటి జవాబు ఇచ్చినవారు: ముందే గొట్టాలతో సహా పీకేసి లెక్క చూసుకోండి. ఎన్ని పెట్టారో రాసి పెట్టుకోండి, పిల్లల గోలలో గుర్తుండదు.