17 లక్షల లోపు పాత బెంజి: ఢిల్లీ బండా, లోకల్ బండా?

నిజాంపేట్ కుర్రాడు
అన్నలందరికీ నమస్తే. బెంజి ఈ250 సీడీఐ (డీజిల్), 2016 మోడల్ చూస్తున్నాను. ఢిల్లీ డీలర్ 12 లక్షలంటున్నాడు. అదే మోడల్ మన కూకట్‌పల్లిలో 17 చెప్తున్నారు. ఐదు లక్షల తేడా అంటే మాటలు కాదు. తెచ్చుకోవచ్చా? వాడుతున్నవాళ్లు చెప్పండి.

ఉప్పల్ డీజిల్
కళ్లు మూసుకుని ఢిల్లీ బండి తెచ్చుకో తమ్ముడూ. అక్కడ రేటు పడిపోయింది బండి పాడై కాదు, రూలు వల్ల. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. తొమ్మిదో ఏడు రాగానే ఓనర్లు వచ్చిన కాడికి వదిలించుకుంటారు. నేనూ అలాగే తెచ్చుకున్నా. బండి సూదిలా పోతోంది.

రెంచి అన్న
కళ్లు మూసుకుని కొనమని చెప్పకు అన్నా. నాకు గ్యారేజీ ఉంది, ఇలాంటివి రోజూ చూస్తుంటా. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ బండ్ల ఓనర్ల మీద కఠిన చర్యలు వద్దంది కదా. ఆ తర్వాత కూడా అంత తక్కువకి ఇస్తున్నాడంటే ఎందుకో అడగాలా వద్దా? మీటర్‌లో 60 వేల కిలోమీటర్లని ఉంటుంది. స్టీరింగ్ తోలు నున్నగా అరిగి మెరుస్తుంటుంది, బ్రేక్ పెడల్ రబ్బరు మీద గీతలు చెరిగిపోయి ఉంటాయి. 60 వేలకి అలా అరగవు. వీఐఎన్ (ఛాసిస్) నంబర్ పట్టుకెళ్లి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ తీయించు. ఓనర్ ఒప్పుకోకపోతే ఆ బండి వదిలెయ్.

భీమవరం బుల్లోడు
బయటి రాష్ట్రం బండికి ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ సంగతి ఎవరూ ఎత్తరేంటి? 12 లక్షలకి కొంటే 12 మీదే కదా కట్టేది?

ఉప్పల్ డీజిల్
మీటర్ తిప్పేవాళ్లు ఢిల్లీలోనే ఉన్నారా? మన దగ్గర లేరా?

గాజువాక సత్యం
లోకల్ బండి అంటే అంత నమ్మకమేంటో నాకర్థం కాదు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఎన్ని కార్లు మునిగాయో మర్చిపోయారా? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని? అవన్నీ ఎక్కడికి పోయాయనుకుంటున్నారు? కడిగి, పాలిష్ కొట్టి అమ్మేశారు. మా బావమరిది అలాంటిదే కొన్నాడు, అదీ పేరున్న షోరూమ్‌లో. లోపల సెంటు వాసన గుప్పుమంటోంది. సీట్ బెల్టు చివరిదాకా లాగితే అడుగున మట్టి గీత. డిక్కీ కార్పెట్ ఎత్తితే స్క్రూలన్నీ తుప్పు. ఆర్నెల్లకే ఎలక్ట్రికల్ మొత్తం పోయింది. షోరూమ్‌ వాడు "యాజ్ ఈజ్, ఉన్నది ఉన్నట్టు తీసుకుంటానని సంతకం పెట్టారు కదా సార్" అని చేతులు దులుపుకున్నాడు. కాబట్టి లోకల్ అని మురిసిపోకండి.

కొంపల్లి వాసు
కామ్రీ హైబ్రిడ్ చూసుకో బ్రో. తలనొప్పి ఉండదు.

రెంచి అన్న
సత్యం గారూ, మునిగిన బండి ఎక్కడైనా మునిగిన బండే. నేను లోకల్ గొప్పదనలేదు. కొనే ముందు మనిషి వెళ్లి చూసే వీలుండాలంటున్నా. వాట్సాప్‌లో ఫొటో చూసి అడ్వాన్స్ కొట్టి, ట్రక్కు మీద దింపించుకుని, తర్వాత నా దగ్గరికొస్తున్నారు.

బుల్లోడు గారూ, ట్యాక్స్ మీరు కొన్న రేటు మీద కాదు. కొత్తగా కొన్నప్పటి ఇన్వాయిస్ ధర మీద వేస్తారు, వయసును బట్టి శాతం తగ్గుతుంది. అది దాదాపు అర కోటి బండి. ఆ ఐదు లక్షల తేడాలో పెద్ద ముక్క అక్కడే పోతుంది.

భీమవరం బుల్లోడు
అన్యాయమండీ. నేను కట్టింది 12 అయితే ఎవడో కట్టిన యాభై మీద నేనెందుకు కట్టాలి?

ఉప్పల్ డీజిల్
అక్కడ కట్టిన ట్యాక్స్ వాపసుకి అప్లై చేసుకోవచ్చు, పాత ఓనర్ సహకరిస్తే చాలు. ఎన్‌ఓసీ ఫారం 28 (బండి వేరే రాష్ట్రానికి వెళ్లడానికి అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఇచ్చే కాగితం) అతనితోనే తీయించాలి, బ్యాంకు లోన్ ఉంటే అది తీరిందని చూపే ఫారం 35 కూడా. పన్నెండు నెలల్లోపు ఇక్కడి నంబర్ తీసుకోవాలి. ఇవన్నీ నేను చేసుకున్నా. చేతగానోళ్లే భయపెడతారు.

రెంచి అన్న
చేతగానోడు ఎవడన్నా? నేనా? సరే, సూటిగా చెప్తా. కొనడానికి లోను, ట్యాక్స్‌కి అప్పు, సర్వీస్‌కొస్తే బేరం. ఈ ఇంజన్‌లో టైమింగ్ చైన్ (వాల్వులను ఇంజన్ లయకి తిప్పే గొలుసు) వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. ఆ గొలుసుని దారిలో ఉంచే గైడ్లు పోతే చిన్న పని కాదు. బండి రేటు పడిపోయినా పార్టుల రేటు పడదు. అర కోటి బండికి ఎంతో అంతే. అది భరించలేనివాళ్లు ఈ బండ్ల జోలికి రాకూడదు.

ఉప్పల్ డీజిల్
భరించలేనివాళ్లంటే ఎవరు? మాలాంటోళ్లేగా? మా నాన్న జీవితమంతా ఒక పెద్దాయన కారు నడిపారు. రోజూ తెల్లారకముందే లేచి తుడిచేవారు. వెనక సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఇప్పుడు మా బండిలో ఆయన కూర్చునేది వెనకే. కొత్తది కొనే తాహతు నాకు ఈ జన్మలో రాదు. పాతది కొంటే నీలాంటోళ్లు "రాకూడదు" అంటారు. నీకెవరిచ్చారు ఆ హక్కు?

గాజువాక సత్యం
ఇద్దరూ కాస్త తగ్గండి.

రెంచి అన్న
మీ నాన్నగారిని నేనొక్క మాటా అనలేదు. ఆయన ఆ సీట్లో కూర్చుంటున్నందుకు నాకూ సంతోషమే. నా గోడు కూడా విను. నా షెడ్డులో బండ్లు మూలుగుతున్నాయి. గేర్‌బాక్స్ విప్పమన్నారు, పార్టులు తెప్పించమన్నారు, బిల్లు చూసి ఫోన్ ఎత్తడం మానేశారు. పార్టులకి డబ్బు కట్టింది నేను. కుర్రాళ్ల జీతాలు నేనివ్వాలి. పైగా ఊళ్లో "మెకానిక్ దోచుకున్నాడు" అని పేరు. మీ కల తీరడం మంచిదే, ఆ కల ఖర్చు నా షెడ్డు మోయాల్సొస్తోంది. నా కోపం దాని మీద.

ఉప్పల్ డీజిల్
అది వేరే మాట. నేను ఎవరికీ బాకీ లేను. ముందే అలా చెప్పుంటే గొడవే లేదు.

రెంచి అన్న
నీ గురించి కాదు. ఆ తమ్ముడు ఇంతవరకూ కొన్నాక చేతిలో ఎంత మిగులుతుందో చెప్పలేదు.

నిజాంపేట్ కుర్రాడు
అన్నా, నిజం చెప్తా. రియల్ ఎస్టేట్‌లో ఉన్నా. ఆల్టోలో దిగితే కస్టమర్ ప్లాటు చూడకుండా నా కారు చూస్తున్నాడు. 12 పెట్టాక ట్యాక్స్ కట్టుకోగలను. ఆపైన లక్ష మిగులుతుందేమో.

రెంచి అన్న
లక్షతో వద్దు తమ్ముడూ. టైర్లు, బ్రేకులు, గేర్‌బాక్స్ ఆయిల్‌కే అయిపోతుంది.

ఉప్పల్ డీజిల్
అందుకని మానుకోమంటావా? పది లక్షల్లోపు బెంజిలోనే చిన్నదైన సీ-క్లాస్ చూసి, మిగతాది పక్కన పెట్టుకుంటే సరి. దిగేది బెంజిలోంచే కదా.

రెంచి అన్న
అది చెయ్. దానికి నేనొప్పుకుంటా. బండి చూడ్డానికి నేనూ వస్తా, ఫీజేమీ వద్దు, స్కానర్ పట్టుకొస్తా.

భీమవరం బుల్లోడు
సీ-క్లాస్‌కీ ట్యాక్స్ పాత ఇన్వాయిస్ మీదేనా?

రెంచి అన్న
బయటి రాష్ట్రం బండైతే అంతే.

ఉప్పల్ డీజిల్
తమ్ముడూ, వెళ్లేటప్పుడు పొద్దున్నే వెళ్లు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే నీ చేత్తో స్టార్ట్ చెయ్, చైన్ మోత ఉంటే అప్పుడే వినిపిస్తుంది. నువ్వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఎందుకని అడుగు, సాయంత్రం దాకా ఆగైనా చల్లారాకే విను.