మిషన్‌కి వచ్చాం, ఆదివారం తప్ప మిగతా రోజులు ఎలా గడపాలి?

కొత్తగా వచ్చిన సిస్టర్:

అందరికీ వందనాలండీ. నేనూ మావారూ రిటైరయ్యాక యేసు క్రీస్తు కడవరి-దిన పరిశుద్ధుల సంఘంలో పెద్ద దంపతుల మిషన్‌కి, అంటే పెద్ద వయసు భార్యాభర్తలు కలిసి కొంతకాలం ఇల్లు విడిచి చేసే సంఘ సేవకి, పేరిచ్చాం. పిలుపు అందింది, దేశం దాటి వచ్చేశాం. శాఖల్లో, అంటే ఊళ్ళలోని చిన్న స్థానిక సంఘాల్లో, సభ్యులకీ నాయకులకీ తోడుగా ఉండే సేవ అన్నారు. ఈ ప్రాంతంలో మిషనరీలందరినీ చూసుకునే మిషన్ అధ్యక్షుడు ఆప్యాయంగా మాట్లాడి, "అక్కడి అవసరం చూసి మీరే మొదలుపెట్టండి" అన్నారు. యువ ఎల్డర్లకి, అంటే మిషనరీ కుర్రాళ్ళకి, క్షణం తీరిక ఉండదు. మాకేమో ఆదివారం తప్ప ఫలానా పని అని లేదు. మావారు పొద్దున్నే తయారై, బ్యాడ్జి పెట్టుకుని కూర్చుంటున్నారు. ఎక్కడికి వెళ్ళాలో తోచదు. నాకు మనవల మీద బెంగ. ముందు వెళ్ళొచ్చినవాళ్ళు మీ రోజు ఎలా గడిచేదో కాస్త చెబుతారా?

మిషన్ ముగించుకుని వచ్చిన బ్రదర్:

సిస్టర్ గారూ, పని చెప్పలేదంటే మిమ్మల్ని పట్టించుకోవడం లేదని అనుకోకండి. ఈ సేవ తీరే అంత. యువ ఎల్డర్లు రెండేళ్ళు, యువ సిస్టర్లు (మిషనరీ అమ్మాయిలు) 18 నెలలు ఉంటారు. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా వాళ్ళకో పట్టిక ఉంటుంది. ఆ పట్టిక మనకి వర్తించదు. ఇంటింటి తలుపూ తట్టమని మనల్ని అడగరు. 2019 నుంచి ఆదివారం కూడికలు కూడా రెండు గంటలే అయ్యాయి. కాబట్టి వారంలో మిగతా వేళంతా మీ చేతిలోనే ఉంది.

ముందు శాఖ అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళండి. సభ్యుల జాబితా ముందు పెట్టుకుని, ఈమధ్య కనిపించనివాళ్ళు ఎవరో అడగండి. ఆ ఇళ్ళకి మీ ఇద్దరే వెళ్ళొద్దు. శాఖలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి. భాష సాయం ఒకటే కాదండీ, మీరు తిరిగి వెళ్ళిపోయాక ఆ గుమ్మం ఎక్కాల్సింది వాళ్ళే కదా.

మా శాఖలో ఒక పెద్దాయన రావడం మానేసి చాలాకాలమైంది. వెళ్ళి పలకరించాం, తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపేశారు. ఆయన వడ్రంగి అని తర్వాత తెలిసింది. కూడికల గదిలో ప్రసంగాల బల్ల ఒక కాలు ఊగుతూ ఉండేది. దాన్ని చూసి పెట్టమని మళ్ళీ వెళ్ళి అడిగాం. శనివారం సాయంత్రం పనిముట్లతో వచ్చారు. నేను టార్చి పట్టుకున్నాను, ఆయన బల్ల కిందికి దూరి పాత మేకులన్నీ పీకి స్క్రూలు బిగించారు. మర్నాడు బల్ల ఊగుతోందో లేదో చూసుకోవడానికి వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. మనిషికి ఏదైనా ఇవ్వడానికే వెళ్ళాలనుకుంటాం. ఒక్కోసారి సాయం అడగడానికి వెళ్ళడమే మంచిది.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. చేతనవునని అన్నీ మీ నెత్తిన వేసుకోకండి. మా ఆవిడకి కీబోర్డు వచ్చు. కీర్తనలన్నీ తనే వాయిస్తే వినడానికి బాగానే ఉంటుంది, కానీ మేము విమానం ఎక్కిన మరుసటి ఆదివారం వాయించేవాళ్ళు ఉండరు. అందుకని మొదటినుంచీ శాఖలో ఇద్దరమ్మాయిలని కూర్చోబెట్టి, సులభంగా రాసిన స్వరాలతో నేర్పింది. పిల్లలకి నేర్పేటప్పుడు కనీసం ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలన్నది సంఘం నియమం, కాబట్టి నేనూ అక్కడే ఉండేవాణ్ణి. తప్పులు పోతూనే వాయించేవారు, శాఖంతా వాళ్ళ వేగానికి తగ్గట్టే పాడేది. మేము తిరిగి వచ్చేసేనాటికి కీబోర్డు దగ్గర మా ఆవిడ అవసరం లేకుండా పోయింది. ఆవిడ మిషన్ మొత్తంలో నాకు బాగా నచ్చిన పని అదే.

ఆఫీసు సేవలో ఉన్న సిస్టర్:

అన్నయ్యగారు పని సంగతి చెప్పారు, నేను ఇంటి సంగతి చెబుతాను. ఉద్యోగాల రోజుల్లో మొగుడూపెళ్ళాం పొద్దున విడిపోయి సాయంత్రం కలిసేవాళ్ళం. ఇక్కడ ఇరవైనాలుగు గంటలూ ఒకరి ఎదురుగా ఒకరం. ఎంత అన్యోన్యంగా ఉన్నవాళ్ళకైనా చిరాకులు వస్తాయి. రోజూ ఒక గంట ఎవరి మానాన వాళ్ళుండేలా చూసుకోండి. ఆయన నడకకి వెళ్తారు, నేను చదువుకుంటాను. భాష ఒకరికి త్వరగా పట్టుబడుతుంది, ఇంకొకరికి ఆలస్యమవుతుంది. నలుగురిలో ఒకరి మాట ఇంకొకరు దిద్దకండి, రెండోవాళ్ళు నోరు తెరవడం మానేస్తారు. ఆదివారం రాత్రి కాగితం మీద వారం గీసుకోండి. సందర్శనలు, భాష, ఇంటి పని, ఒక విశ్రాంతి రోజు. విశ్రాంతి రోజున బ్యాడ్జి తీసి పక్కన పెట్టి ఊరు చూడండి, అందులో తప్పేం లేదు.

మనవల బెంగకి ఒకటే మందు, కచ్చితమైన వేళ. వేళలు తేడా కాబట్టి ఎప్పుడు వీలైతే అప్పుడనుకుంటే వాళ్ళు నిద్రలోనో బడిలోనో ఉంటారు. ఫోన్ విషయంలో పెద్ద దంపతులకి మొదటినుంచీ వెసులుబాటు ఎక్కువే. 2019 ఫిబ్రవరి నుంచి యువ మిషనరీలు కూడా వారంవారం ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు. ఇంట్లో తప్పనిసరి సందర్భం వస్తే మిషన్ అధ్యక్షుడితో మాట్లాడి సొంత ఖర్చులతో వెళ్ళి రావచ్చు. ఆ సంగతి పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, వాళ్ళూ ధైర్యంగా ఉంటారు.

మిషనరీల ఇళ్ళు చూసే బ్రదర్:

యువ మిషనరీల గదులు చూసిరావడం చాలాచోట్ల పెద్ద దంపతుల వంతే. మీకూ అప్పగించవచ్చు. వెళ్ళేముందు ఫోన్ చేయండి, తనిఖీ అధికారుల్లా వెళ్ళొద్దు. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి మోగుతున్నాయో లేదో చూడండి. చలి దేశమైతే హీటర్ దగ్గర అసలు అశ్రద్ధ కూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పరుపు కుట్ల వెంట వేలుతో తడిమి నల్లులున్నాయేమో చూడండి. ఆ తర్వాత కాసేపు కూర్చోండి. ఇంటి మీద బెంగపడే పిల్లవాడు ఆ మాట మిషన్ అధ్యక్షుడికి చెప్పకపోవచ్చు, అమ్మ వయసు మనిషి గిన్నెలు తుడుస్తూ అడిగితే చెబుతాడు.

కాగితాల మాట క్లుప్తంగా: వచ్చాక స్థానికంగా చేయించుకోవాల్సిన నమోదు ఉంటే గడువు దాటనివ్వకండి. మందుల చీటీల మీద మందు అసలు పేరు రాయించుకోండి, కంపెనీ పేర్లు దేశదేశానికీ మారతాయి. అద్దెలో దంపతులు భరించే వాటాకి 2011 నుంచి ఒక పరిమితి ఉంది, మీ విషయంలో అదెంతో మిషన్ ఆఫీసులో అడగండి. పెన్షన్ వచ్చేవాళ్ళు బతికున్నట్టు ఏటా ఇచ్చే పత్రం ఇక్కడినుంచి ఎలా పంపాలో ఇప్పుడే కనుక్కోండి.

కొత్తగా వచ్చిన సిస్టర్:

ప్రాణం లేచొచ్చిందండీ. మావారికి చదివి వినిపించాను. రేపు సాయంత్రం శాఖ అధ్యక్షుణ్ణి కలుస్తున్నాం. మావారు ముప్ఫై ఏళ్ళు లెక్కల్లోనే పనిచేశారు. శాఖ క్లర్కు కుర్రాడు, రికార్డులన్నీ వెనకబడి ఉన్నాయట. అవి ఈయన రాసిపెడతానంటున్నారు. పర్వాలేదా?

మిషన్ ముగించుకుని వచ్చిన బ్రదర్:

అధ్యక్షుడు సరేనంటే నేర్పమనండి, రాసిపెట్టొద్దనండి. కంప్యూటర్ ముందు కుర్చీలో ఆ కుర్రాడే కూర్చోవాలి, మీవారు పక్క కుర్చీలో. దశమభాగం (సభ్యులు ఆదాయంలో ఇచ్చే పదోవంతు) కవర్లు తెరిచి లెక్కపెట్టడం మాత్రం శాఖ అధ్యక్షత్వంలో (అధ్యక్షుడు, ఆయన సలహాదారులు) ఒకరూ క్లర్కూ కలిసే చేస్తారు, అక్కడ మీవారు చెయ్యి పెట్టకూడదు. మొదట్లో పని నత్తనడకన సాగుతుంది, మీవారు ఓపిక పట్టాలి. వారానికి ఒక సాయంత్రం ఖాయం చేసుకోమనండి, ఆ కుర్రాడి పని వేళలు అడిగాకే.