పేసన్, రూజ్‌వెల్ట్ లేక్ రౌండ్: చలికి ఏం వేసుకోవాలి?

అందరికీ నమస్తే. మేం అరిజోనాలో, చాండ్లర్‌లో ఉంటాం. వచ్చే ఆదివారం నేనూ మా ఆవిడా ఒకే బైక్ మీద (రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411) ఓ రౌండ్ కొట్టి రాత్రికల్లా ఇల్లు చేరాలని ప్లాన్. 87వ నంబర్ హైవే మీద పేసన్, కాస్త వెనక్కొచ్చి 188 మీద రూజ్‌వెల్ట్ లేక్, గ్లోబ్, అక్కణ్ణుంచి 60 మీద సుపీరియర్ దాటి ఇంటికి.

నా సమస్యల్లా చలి. పోయిన నవంబర్‌లో పేసన్ దాకా ఒక్కణ్ణే వెళ్లాను. ఇంటి దగ్గర గాలి ఆడే మెష్ జాకెట్‌తో హాయిగానే ఉంది. కానీ ఫీనిక్స్ 1,100 అడుగుల ఎత్తు, పేసన్ దాదాపు 5,000! సగ్వారో కాక్టస్‌లు పోయి పైన్ చెట్లు వచ్చేసరికి వేళ్లు కొయ్యబారిపోయాయి. గ్యాస్ స్టేషన్‌లో కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని పావుగంట నిలబడితే గానీ క్లచ్ పట్టుకోవడానికి వేళ్లు ముడుచుకోలేదు.

హీటెడ్ గ్రిప్స్ (వేడెక్కే హ్యాండిల్ పట్లు) పెట్టిస్తే నా చేతులకు సరిపోతుంది, మరి వెనక కూర్చునే మనిషికి? రెండు మూడు పొరలు వేసుకుంటే లేక్ దగ్గర ఎండకు ఉడికిపోతాం. విప్పినవి పెట్టుకోవడానికి మాకున్నది సీటు వెనక కట్టే చిన్న టెయిల్ బ్యాగ్ ఒక్కటే.

ఇంకోటి, ఈ దారిని తిరగేసి గ్లోబ్ ముందు వెళ్తే మేలా? సాయంత్రం 60 మీద పడమటి ఎండ సూటిగా కళ్లల్లో కొడుతుంది. అలాగని పేసన్ చివర్లో పెట్టుకుంటే చీకటి పడే వేళకు రోడ్డు మీదికి ఎల్క్‌లు (పెద్ద జింకలు) వస్తాయని భయం. ఆ దారిన జంటగా వెళ్లొచ్చినవాళ్లు శుక్రవారం లోపు చెప్తే, కొనాల్సినవి శనివారం కొనుక్కుంటాను.