ఐస్‌లాండ్ లూపిన్ పూలు: నేలని బాగుచేస్తున్నాయా, ముంచేస్తున్నాయా?

నల్లరేగడి:
జూన్‌లో ఐస్‌లాండ్ వెళ్లొచ్చాం. వీక్ ఊళ్లో చర్చి గుట్ట మొత్తం ఊదా రంగు లూపిన్ పూలే, తెగ ఫొటోలు తీసుకున్నాం. తర్వాత తెలిసింది అది అక్కడి మొక్కే కాదంట, 1945లో అటవీ శాఖ అధిపతి హాకోన్ బ్యార్నసన్ అలాస్కా నుంచి గింజలు తెచ్చాడంట. ఇప్పుడు పీకేయాలని కొందరు గొడవ. నేనైతే ఉండాలనే అంటా. తొమ్మిదో శతాబ్దంలో మనుషులు దిగేనాటికి నేలలో పాతిక శాతం పైనే బర్చ్ చెట్ల అడవి ఉండేదంట, బొగ్గు కోసం నరికి, గొర్రెల్ని తోలి, ఇప్పుడు 2 శాతం దగ్గరకి తెచ్చారు. మట్టేమో అగ్నిపర్వతాల బూడిద, వేళ్లు పట్టుకోకపోతే గాలికి లేచిపోద్ది. లూపిన్ మన జనుము, జీలుగల కుటుంబమే, గాల్లో నత్రజని తీసి నేలకిస్తది. ఎరువెయ్యకుండా ఆ నల్ల ఇసుకని ఇంకేది పచ్చగా చేస్తుంది చెప్పండి?

చెరువుకట్ట:
అన్నా, జీలుగని పూతకి రాంగనే కలియదున్నుతం. లూపిన్‌ని ఎవరు దున్నుతరు? నడుమెత్తు పెరిగి నీడ కమ్మితే కింద నాచు, బ్లూబెర్రీ పొదలు అన్నీ చచ్చిపోతయి. 1783ల లాకీ అగ్నిపర్వతం పేలినప్పుడు పారిన లావా మీద, ఎల్డ్‌హ్రౌన్ అనే జాగల పరుపు లెక్క నాచు ఉంటది, అది గంత మందం అయ్యేటందుకు రెండొందల ఏండ్లు దాటింది, రాజధాని రెయిక్యావిక్‌ల జూలై సగటే 11, 12 డిగ్రీలు, గంత చలిల పోయింది మల్ల ఎప్పుడు రావాలె? సర్కారు తుమ్మని కూడా బీడు భూములకి మంచిదనే తెచ్చిన్రు, మా చెరువుల దిగి చూడుర్రి ఇయ్యాల.

పెరటితోట:
నాచున్న లావా వేరు, ఉత్త ఇసుక వేరు కదండీ, రెండిట్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? హెక్లా అగ్నిపర్వతం చుట్టూ బర్చ్ ఎందుకు నాటుతున్నారంటే బూడిద పడ్డప్పుడు గడ్డి కప్పుకుపోతుంది, చెట్టుకైతే కొమ్మలు పైనే ఉంటాయి, బూడిద దాని మొదట్లో ఆగిపోయి మళ్లీ గాలికి లేవదు. లూపిన్ చలికాలంలో పైనంతా ఎండిపోతుంది, ఆ పని దానివల్ల కాదు.

నల్లరేగడి:
నాచు సంగతి ఒప్పుకుంటున్నా తమ్ముడూ, ఎల్డ్‌హ్రౌన్ దరిదాపుల్లోకి అది రాకూడదు. కానీ బర్చ్ ఎదగడానికి చాలా ఏళ్లు పడుతుందండీ, ఈలోపు ఇసుక ఊరుకుంటుందా? లూపిన్ కొన్నిచోట్ల పాతికేళ్లకి పలచబడి గడ్డికి చోటిస్తుంది కూడా.

చెరువుకట్ట:
కొన్నిచోట్లనే అన్నా. మిగిలిన చోట పీకినా మట్టిల గింజలు ఏండ్లకేండ్లు బతికే ఉంటయి, ఏరు పక్కనుంటే నీళ్లల్ల కొట్టుకపోయి కింద మొలుస్తయి. ఇసుకల వేసింది ఇసుకలనే ఆగుతదని ఎవరు పూచీ?